కవరు మీది పేరు

శుక్రవారం పొద్దున పది గంటలకు మా అత్తగారిని సస్పెండ్ చేశారు. పదీ అయిదుకు నా దగ్గరున్న సర్వర్ గది తాళం తీసుకుని, నా పాస్‌వర్డ్ కూడా మార్చేశారు. సాయంత్రం నాలుగింటికి విచారణ. మా చేతిలో ఉన్నవి ఆరు గంటలు.

మేమిద్దరం ఒకే చోట పనిచేస్తాం. క్రేన్లకు వాడే ఉక్కు తాళ్లను పరీక్షించే ల్యాబ్ అది. తాడు ముక్కను యంత్రంలో బిగించి, తెగేదాకా లాగి, బరువు మొయ్యగలదో లేదో తేల్చి చెబుతాం. అత్తయ్య సర్టిఫికెట్ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంది. నేను మెయిల్ సర్వర్ చూసుకుంటాను. నన్ను కోడలిగా ఎంచుకున్నది ఆవిడే. మూడు నెలలు క్యాంటీన్‌లో గమనించి, లాగితే తెగే రకం కాదని నమ్మకం కుదిరాకే కొడుకు ఫోటో చూపించింది.

ఆవిడ మీద ఆరోపణ చిన్నది కాదు. బుధవారం ఉదయం పదకొండూ ఏడుకు మా ల్యాబ్ నుంచి ఒక క్రేన్ యార్డుకు మెయిల్ వెళ్లింది. ‘318వ నంబరు తాడు పరీక్షలో నెగ్గింది, వాడుకోవచ్చు’ అని. పంపినవారి చోట అత్తయ్య పేరు, అత్తయ్య అడ్రసు. గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆ తాడు తెగింది. ఎత్తుతున్న ఇనుప దూలం కింద పడింది. దాని కింద ఎవరూ లేరు. పక్కకు దూకిన సూపర్‌వైజర్‌కు మాత్రం పాదంలో ఎముక చిట్లింది.

నిజానికి ఆ తాడు పరీక్షలో ఓడిపోయింది. ఆ సంగతి చెప్పే రిపోర్టు ఇంజనీరు సంతకం పూర్తయ్యాక, గురువారం తొమ్మిదింటికి వెళ్లింది. అప్పటికే గంట ఆలస్యం. ఆఫీసు వాళ్ల వాదన ఏమిటంటే, బుధవారం అత్తయ్య పొరపాటున ‘నెగ్గింది’ అని పంపింది, తాడు తెగిన కబురు తెలిశాక కప్పిపుచ్చడానికి ‘ఓడింది’ అని పంపింది.

గేటు బయటకొచ్చాక అత్తయ్య చేతిసంచి భుజానికి సర్దుకుంది.

“నేను పంపలేదమ్మాయ్.”

“తెలుసు అత్తయ్యా.”

“తెలుసని నువ్వంటే లాభం లేదు. కాకి పిల్ల కాకికి ముద్దు. ఎవరు పంపారో తేల్చు.”

“సర్వర్ రికార్డు చూస్తే అయిదు నిమిషాల పని. కానీ తాళం లాక్కున్నారు. ఒకవేళ చూసి తెచ్చినా, కోడలు తయారుచేసిన సాక్ష్యం అంటారు.”

“అంటారా ఏంటి, పొద్దున్నే అన్నాడుగా ఆ పంచదార.”

పంచదార అంటే మా సేల్స్ మేనేజర్. ఆయన మాట అంత తియ్యగా ఉంటుంది. ఎదురుగా మాత్రం అందరూ సార్ అనే అంటారు. విచారణ కమిటీలో ఆయన కూడా ఉన్నాడు.

“మన చెయ్యి పడని చోట ఒక కాపీ ఉంది,” అన్నాను. “యార్డు సూపర్‌వైజర్ మెయిల్ పెట్టెలో. అది తెరిచి చూస్తే, ఆ మెయిల్ ఏ దారిన వెళ్లిందో కనబడుతుంది. దారి తెలిస్తే మనిషి తెలుస్తాడు.”

“పద మరి,” అని అత్తయ్య బస్సు స్టాపు వైపు నడిచింది. ఆవిడ నడకతో నేనెప్పుడూ సమానంగా నడవలేను.

బస్సులో కిటికీ పక్కన కూర్చోగానే అడిగింది. “దారేంటి? మెయిల్‌కి దారులుంటాయా?”

“సోమవారం నుంచి ఉన్నాయి. నేనే వేశాను.”

రెండు నెలలుగా సేల్స్ వాళ్లు ఒక ప్రోగ్రాం కొని, రోజుకు వేల మందికి ప్రచారం మెయిళ్లు పంపుతున్నారు. విసిగిపోయిన ఊళ్లోని సర్వర్లన్నీ మా ల్యాబ్ పేరు కనబడితే చాలు, చెత్తబుట్టలో వేయడం మొదలుపెట్టాయి. గడ్డితో పాటు గింజలూ పోయినట్టు సర్టిఫికెట్లు కూడా అందులోనే పడుతున్నాయి. అందుకే పంపేవాళ్లను బట్టి దారి మార్చమని సర్వర్‌కు నేర్పాను. పెద్ద పనేం కాదు. ఒక ఫైల్‌లో సేల్స్ అడ్రసు రాసి, దాని ఎదురుగా బయటి కంపెనీ సర్వర్ పేరు రాశాను. సేల్స్ మెయిళ్లు ఆ అద్దె దారిన పోతాయి. మిగతా సెక్షన్లవన్నీ మా సొంత లైన్‌లో పోతాయి. రెండు రోజుల్లో సర్టిఫికెట్లు మళ్లీ సజావుగా చేరడం మొదలైంది.

“ఎవరికీ చెప్పలేదా?” అంది అత్తయ్య.

“డైరెక్టర్ గారికి చెప్పాను. మిగతావాళ్లకు ఎందుకు? పంపింది చేరితే చాలు కదా.”

“సరే. ఆ మెయిల్ మీద నా పేరే ఉందిగా. అయితే నా దారినే పోయుంటుంది. నీ దారులతో నాకేం ఒరిగింది?”

అసలు ముడి అక్కడే ఉంది. నేను ఆవిడ సంచిలోంచి ఒక పాత కవరు లాగాను. కరెంటాఫీసు నుంచి వచ్చినది.

“పోస్టులో ఉత్తరం వేస్తే, కవరు మీద పంపినవాళ్ల అడ్రసు ఉంటుంది. లోపల కాగితం మీద కూడా పేరుంటుంది. పోస్టాఫీసు వాళ్లు ఏది చూస్తారు?”

“కవరే. లోపలిది వాళ్లెందుకు చింపుతారు?”

“మెయిల్‌కి కూడా అంతే. మనకు తెర మీద కనబడేది లోపలి కాగితం మీది పేరు. దాని మీద ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. సర్వర్ దారి ఎంచుకునేది కవరు మీది పేరు చూసి. ఆ కవరు మనకు కనబడదు.”

అత్తయ్య కవరు తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“అంటే ఎవడో నా పేరుతో కాగితం రాశాడు. కవరు మాత్రం వాడిదే.”

“అనుమానం. చూస్తే తేలుతుంది.”

“పాతికేళ్లు పుస్తకాలు చదివి నువ్వు చేసే ఉద్యోగం ఇదా?” అని ముక్కు చిట్లించింది. “మా పోస్ట్‌మ్యాన్ అయిదో క్లాసు.”

ఫోన్ మోగింది. మా ఆయన. సంగతి చెప్పి, మేమిద్దరం కలిసి యార్డుకు వెళ్తున్నామన్నాను. “నువ్వూ అమ్మా ఒకే పక్షమా?” అన్నాడు. “అయితే అవతలివాణ్ణి తల్చుకుంటే జాలేస్తోంది.”

పన్నెండున్నరకు యార్డు చేరాం. తెగిన తాడును గేటు పక్కనే చుట్ట చుట్టి పడేశారు. అత్తయ్య వంగి, తెగిన కొసను వేళ్లతో విడదీసి చూసింది. వేళ్లకు గ్రీజు అంటింది. తుడుచుకోలేదు.

సూపర్‌వైజర్ రేకుల గదిలో, కట్టు కట్టిన కాలిని ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. అత్తయ్య పేరు చెప్పగానే మొహం గట్టిపడింది.

“ఎంత ధైర్యమమ్మా మీకు. ఒక్క అడుగు అటు ఉంటే మా ఆవిడ ఇవాళ నా ఫోటోకి దండ వేసేది.”

“నిజమే బాబూ,” అంది అత్తయ్య నిలబడే. “ఆ తాడు నేను చూశాను. పైన గ్రీజు, లోపల తుప్పు. పైకి పెళ్లికూతురు, లోపల ముసలమ్మ. మా యంత్రం మీద చెప్పాల్సిన బరువులో సగానికే తెగింది. అలాంటిదానికి నెగ్గిందని రాసే చెయ్యి కాదు నాది. పన్నెండేళ్లుగా మీ యార్డుకి నేనే పంపుతున్నాను. ఒక్కటైనా తప్పు పోయిందా?”

ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ మీద నుంచి కాలు దించి, కుర్చీని ఆవిడ వైపు జరిపాడు.

“ఆ మెయిల్ ఒక్కసారి చూపించండి,” అన్నాను. “అది వచ్చిన దారి రాసి ఉండే తల భాగం తెరిస్తే చాలు, రెండు నిమిషాల పని.”

“లేదు. తీసేశాను.”

“ఎందుకు?”

“మీ వాళ్లే తీసెయ్యమన్నారు. పొద్దున పదకొండింటికి ఫోన్ చేశారు. అసలు కాపీ మా దగ్గరుంది, తప్పుడు కాగితం మీ దగ్గరుంటే రేపు మీకే చిక్కు అన్నారు. చెత్తబుట్టలోంచి కూడా తీసేయించారు, ఎలాగో దగ్గరుండి చెప్పి మరీ.”

“ఎవరు చేశారు?”

“మీ సేల్స్ ఆయనే. తియ్యగా మాట్లాడతాడే, ఆయన.”

అత్తయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం. ఇప్పుడు మనిషి తెలిశాడు. సాక్ష్యం పోయింది. ఫోన్ చేసినంత మాత్రాన మెయిల్ కూడా ఆయనే పంపాడని ఎవరొప్పుకుంటారు? యార్డు మేలు కోరి చేశానంటే సరిపోయె.

వెతకాల్సిన చోట్లన్నీ వెతికాను. నిజంగానే శుభ్రంగా తుడిచేశారు. గోడ గడియారం ఒంటిగంటంపావు చూపిస్తోంది. ఉండబట్టలేక ఆయన కంప్యూటర్‌లో పంపినవి, వచ్చినవి, దాచినవి వరసగా తెరుస్తూనే ఉన్నాను.

అత్తయ్య ఉన్నట్టుండి అంది. “ఏం బాబూ, మీ చిలక ఇంకా పలుకుతోందా?”

“ఏ చిలక?”

“మీకు మెయిల్ పంపిన మరుక్షణం ‘యార్డులో ఉన్నాను, బల్ల దగ్గరికి వచ్చాక చూస్తాను’ అని ఒక జవాబు వస్తుంది కదా. పన్నెండేళ్లుగా ఒకటే పాట. అది వస్తే తప్ప నాకు మెయిల్ పోయినట్టే ఉండదు.”

“అదా. అది ఎప్పుడూ ఉంటుంది. మా బావమరిది పెట్టిచ్చాడు. ఎలా ఆపాలో నాకు తెలియదు.”

అత్తయ్య నా వైపు తిరిగింది. “అమ్మాయ్. గురువారం నేను పంపినప్పుడు ఆ జవాబు వచ్చింది. బుధవారం రాలేదు.”

నా చేతులు ఆగిపోయాయి. మనిషి జవాబు రాస్తే లోపలి కాగితం మీది పేరు చూసి రాస్తాడు. యంత్రం అలా కాదు. తనంతట తాను పంపే జవాబును కవరు మీది అడ్రసుకే పంపుతుంది. అది దాని పద్ధతి. ఆ జవాబు బుధవారం కూడా వెళ్లే ఉంటుంది. అత్తయ్యకు రాలేదంటే ఇంకెవరికో చేరింది.

పంపినవాటిలో బుధవారం దాకా వెనక్కి వెళ్లాను. పదకొండూ ఏడు. విషయం: 318వ నంబరు తాడు, నెగ్గింది. జవాబు: యార్డులో ఉన్నాను, బల్ల దగ్గరికి వచ్చాక చూస్తాను. చేరవలసిన అడ్రసు మా సేల్స్ సెక్షన్‌ది.

సూపర్‌వైజర్ ముందుకు వంగి రెండుసార్లు చదివాడు. తర్వాత గోడకు ఆనించిన చేతికర్ర అందుకున్నాడు.

“విచారణ ఎన్నింటికన్నారు?”

“నాలుగింటికి.”

“నా బండిలో వెళ్దాం. ఆ తియ్యటాయన మొహం నేను కూడా చూడాలి.”

దారిలో నేను అత్తయ్య చేత మూడుసార్లు చెప్పించాను. కాగితం, కవరు, రెండు దారులు. మూడోసారి ఆవిడే నన్ను ఆపి, “ఒకసారి చెబితే చాలు, నేను మీ ఆయన్ని కాదు,” అంది.

నాలుగింటికి మీటింగు గదిలో బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో డైరెక్టర్ గారు, పొట్టి జుట్టు, కళ్లజోడు, ఎక్కువ మాట్లాడని మనిషి. కుడివైపు తాడు పరీక్ష ఇంజనీరు. ఎడమవైపు పంచదార. మమ్మల్ని చూసి పలకరింపుగా నవ్వాడు. మా వెనక చేతికర్ర చప్పుడు వినబడేసరికి ఆ నవ్వు కాస్త సన్నబడింది.

“కోడలు గారు కూర్చోవచ్చు,” అన్నాడు. “కానీ మాట్లాడకూడదు. దగ్గరి బంధువు కదా, న్యాయంగా ఉండదు.”

“మంచి రూలు,” అంది అత్తయ్య కూర్చుంటూ. “ఇంట్లో కూడా పెడితే బాగుండేది.”

ఇంజనీరు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగాడు. డైరెక్టర్ గారు బుధవారం మెయిల్ ప్రింటు ముందుకు తోశారు. “ఇది మీ పేరే కదా?”

“పేరు నాదే మేడమ్. కాగితం నాది కాదు.” అత్తయ్య సంచిలోంచి కరెంటాఫీసు కవరు తీసింది. ఆ ప్రింటును మడిచి అందులో పెట్టింది. వెనక వైపు పెన్నుతో ‘సేల్స్’ అని రాసింది. “ఇప్పుడు దీన్ని పోస్టు చేస్తే ఎవరు పంపినట్టు?”

“ఇదేం ఆట?” అన్నాడు పంచదార.

“మీ ఆటే సార్. మీ ప్రచారం ప్రోగ్రాంలో, పంపినవారి పేరు దగ్గర ఏది కొడితే అది కనబడుతుంది. కవరు మాత్రం ఎప్పుడూ మీ సెక్షన్‌దే. సోమవారం నుంచి మన సర్వర్ కవరు చూసి దారి ఎంచుకుంటోంది. మేడమ్‌కి తెలుసు.”

డైరెక్టర్ గారు తలూపారు.

“నేను పంపేవి సొంత లైన్‌లో పోతాయి. సేల్స్ కవర్లు అద్దె దారిన పోతాయి. ఆ అద్దె కంపెనీ తన మీదుగా పోయిన ప్రతి కవరూ రాసిపెట్టుకుంటుంది. ఆ రికార్డు మీద నా చెయ్యీ పడదు, నా కోడలి చెయ్యీ పడదు. బుధవారం పదకొండూ ఏడుకి ఏం పోయిందో వాళ్లనే అడగండి.”

పంచదార వెనక్కి వాలాడు. “ఎవరో ఊహించి చెప్పిన కథ. ఇలా అడిగినవన్నీ వెతుకుతూ కూర్చుంటే తెల్లారుతుంది మేడమ్.”

“ఊహ కాదు.” అత్తయ్య సూపర్‌వైజర్ వైపు చెయ్యి చాపింది. ఆయన జేబులోంచి జవాబు ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. “బుధవారం నాటి మెయిల్‌కి వీళ్ల యంత్రం ఇచ్చిన జవాబు. నేను పంపుంటే నాకు రావాలి. ఎవరికి వెళ్లిందో చదవండి.”

డైరెక్టర్ గారు చదివారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. తర్వాత బల్ల మీది ఫోన్‌లో అద్దె కంపెనీకి ఫోన్ చేసి, ల్యాబ్ ఖాతా నంబరు చెప్పి, స్పీకర్ నొక్కారు. అవతల ఒకమ్మాయి గొంతు, కీబోర్డు టకటకలు.

“బుధవారం పదకొండూ ఏడుకి మీ సేల్స్ అడ్రసు నుంచి ఒక మెయిల్ వెళ్లింది మేడమ్. ఒకే ఒక్కటి. మామూలుగా వేలల్లో వెళ్తాయి కదా, ఇది ఒక్కరికే వెళ్లింది. క్రేన్ యార్డు అడ్రసుకి. విషయం, 318వ నంబరు తాడు అని ఉంది.”

డైరెక్టర్ గారు ఫోన్ పెట్టేసి పంచదార వైపు తిరిగారు.

“మా ప్రోగ్రాం ఎవరైనా వాడుండొచ్చు,” అన్నాడు పంచదార. గొంతులో తీపి తగ్గింది. “ఈవిడే వచ్చి వాడిందేమో.”

“అలాగే అనుకుందాం,” అంది అత్తయ్య. “ఇవాళ పదకొండింటికి యార్డుకి ఫోన్ చేసి, ఆ మెయిల్ ఆనవాలు లేకుండా తుడిపించింది కూడా నేనేనా?”

సూపర్‌వైజర్ తన సెల్‌ఫోన్‌లో ఆ కాల్ తెరిచి, డైరెక్టర్ గారి ముందు పెట్టాడు. పంచదార నంబరు. తొమ్మిది నిమిషాలు మాట్లాడినట్టు ఉంది.

పంచదార ఆ నంబరునే చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. “యార్డుకి శుక్రవారం కొత్త తాడు వస్తోందన్నారు. ఓడిందని రాస్తే యార్డు మూతపడుతుంది, మనల్ని వదిలి ఇంకో ల్యాబ్‌కి పోతారు. సర్టిఫికెట్ సెక్షన్ అడ్రసు ఉంటే తప్ప వాళ్లు తీసుకోరు. రెండు రోజులే కదా, ఆగుతుందిలే అనుకున్నాను.”

“తాడుకి శుక్రవారం ఎప్పుడొస్తుందో తెలియదు సార్,” అంది అత్తయ్య.

డైరెక్టర్ గారు సస్పెన్షన్ కాగితాన్ని నిలువుగా చింపి, పంచదారను తన గదిలో కూర్చోమన్నారు. నా తాళం నాకిచ్చారు. తలుపు దగ్గర ఆపి అడిగారు. “ఇలాంటిది మళ్లీ జరగకుండా చెయ్యగలవా?”

“కవరు మీది పేరూ కాగితం మీది పేరూ ఒకే సెక్షన్‌వి కాకపోతే సర్వర్ వెనక్కి కొడుతుంది. సోమవారమే పెట్టాల్సింది మేడమ్, నాకు తట్టలేదు. అరగంట చాలు.”

ఇరవై నిమిషాలే పట్టింది. రెండు వరుసలు రాసి, సేల్స్ ప్రోగ్రాంలో అత్తయ్య పేరు కొట్టి పంపి చూశాను. సర్వర్ మొహం మీదే తలుపేసింది. సేల్స్ సొంత పేరుతో పంపితే అద్దె దారిన పోయింది. ఇక మిగిలింది అత్తయ్య దారి.

ఆవిడ అప్పటికే తన బల్ల దగ్గర కూర్చుంది. యార్డుకు వచ్చిన కొత్త తాడు పరీక్ష మధ్యాహ్నమే పూర్తయింది. 402వ నంబరు, నెగ్గింది, ఇంజనీరు సంతకం కూడా ఉంది. సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చుని, చిట్లిన పాదాన్ని మా స్టూలు మీద పెట్టుకుని టీ తాగుతున్నాడు.

“పంపనా?” అంది.

“పంపండి.”

గ్రీజు మరకల వేలితో మీట నొక్కింది. మేం ముగ్గురం తెర వైపే చూశాం. నాలుగు క్షణాల తర్వాత గంట మోగింది.

యార్డులో ఉన్నాను, బల్ల దగ్గరికి వచ్చాక చూస్తాను.

“ఎంత అబద్ధం,” అంది అత్తయ్య, ఎదురుగా టీ తాగుతున్న మనిషిని చూస్తూ. ఆ జవాబును మాత్రం తీసెయ్యలేదు. ప్రింటు తీసి, 402 ఫైల్‌లో కుట్టింది.